ఆ గట్టు ఎవరి పటంలో ఉంది?

ప్రశ్న: మా పంచాయతీ డిజిటల్ పటంలో మురుగు కాలువలు గుర్తించాలి. రెవెన్యూ, డ్రైనేజీ శాఖల పటాలు అడగవచ్చా?
– ఒక పాఠకుడు, మురమళ్ళ

జవాబు: తప్పకుండా అడగండి. ప్రజాధనంతో తయారైన పటాల సమాచారం, భద్రతా రహస్యాలు మినహా, భారతీయ సంస్థలన్నిటికీ సులువుగా అందాలని 2021 ఫిబ్రవరి 15 నాటి కేంద్ర మార్గదర్శకాలే చెబుతున్నాయి. పంచాయతీ తీర్మానం జతచేసి రాతపూర్వకంగా కోరండి.

పీడీఎఫ్‌తో సరిపెట్టుకోవద్దు, షేప్‌ఫైలు (జీఐఎస్‌లో తెరుచుకునే పటం ఫైలు) అడగండి. ఏ కోఆర్డినేట్ విధానమో, ఎప్పటి సర్వేనో రాయించుకోండి. మీ కోనసీమ యూటీఎం అనే కోఆర్డినేట్ విధానంలో 44వ జోన్‌లో ఉంది. రెండు శాఖల ఫైళ్ల విధానాలు కలవకపోతే కాలువ గట్టు పక్క కొబ్బరితోటలో కనిపిస్తుంది. అలాంటి పటం చూసి ఆక్రమణ నోటీసు ఇస్తే ఆ రైతుకు తీరని అన్యాయం. రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబర్లకు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాతవీ కొత్తవీ కలిపే పట్టిక కూడా తీసుకోండి.