చెవికి తగిన యంత్రము

“చెవిటివాని ముందు శంఖ మూదినట్లు” అను సామెతను మీరు వినియుందురు. ఈ సామెత అన్ని విధముల చెవిటితనమునకును చెల్లదు. వార్ధక్యమువలన వినికిడి తగ్గినవారిలో పెక్కురకు శంఖధ్వని బాగుగనే వినబడును. వినబడనివి సన్నని ధ్వనులు.

లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనియున్న భాగ మొకటి కలదు. అందలి సూక్ష్మమైన రోమకణములు శబ్దమును నాడుల కందించును. అవి ఒకమారు నశించినచో మరల మొలవవు. సాధారణముగా సన్నని ధ్వనులను గ్రహించు కణములే ముందుగా చెడును. అందుచేత అచ్చులు వినబడుచునే యుండును; ‘స’, ‘శ’, ‘త’ వంటి హల్లులు జారిపోవును. “మాట వినబడుచున్నది గాని తెలియుట లేదు” అని తాతగారు చెప్పుట నిజమే. మన మరచినకొలది ఎక్కువగా పెరుగునవి అచ్చులే. పాప మాయన క్రమముగా నలుగురిలో కూర్చుండుటయే మానుకొనును.

మంచి శ్రవణయంత్రము శబ్దముల నన్నిటిని ఒకే విధముగా పెంచదు. లోపమున్నచోట లోపమున్నంత పెంచును. ఈ కొలత ఎవరిది వారిదే. చిరకాలము దీనిని నిపుణులే సవరించుచుండిరి. అమెరికా దేశమున 2017లో చేసిన చట్టము ననుసరించి, 2022 అక్టోబరు 17 నుండి క్రొత్త పద్ధతి వచ్చినది. వినికిడి కొంచెముగానో, ఒక మోస్తరుగానో తగ్గినదని తోచిన 18 ఏండ్లు నిండినవారు అచట నిపుణుని చీటి లేకయే యంత్రమును కొనవచ్చును. కొన్నిటిని సెల్‌ఫోను సాయముతో తామే సవరించుకొనవచ్చును.

సౌకర్యము గొప్పదే, కాని యంత్రము చిక్కుడుగింజంత, ఫోనులోని యక్షరములు చీమలంత! వృద్ధుల కొకరి తోడ్పాటు కావలెను. చెవినుండి చీము కారినను, నొప్పియున్నను, తల తిరిగినను, వినికిడి హఠాత్తుగా పోయినను, ఒక చెవికే తగ్గినను యంత్రము జోలికి పోక వైద్యునికడకు తీసికొనిపోవలెను.

ఎఱ్ఱగుర్తి కుడిచెవికి, నీలిగుర్తి ఎడమచెవికి. చెవిలో నుంచు రబ్బరు తొడుగు వదులైనచో శబ్దము వెలుపలికి వచ్చి మరల యంత్రములోనికే పోయి యీల వేయును. అపుడు సరియైన పరిమాణముగల తొడుగును మార్చవలెను. గాలితో పనిచేయు చిన్న బ్యాటరీ యైనచో, పైకాగితము తీసి ఒక నిమిషమాగి లోపల నుంచవలెను.

ఇక సవరణ. నిశ్శబ్దమైన గదిలో ఫోను సన్నని నాదములను వినిపించును. వినబడినపుడు తాతగారే మీట నొక్కవలెను. తోడ్పడువారు తొందరపడి చేసైగ చేయుటయో, తామే నొక్కుటయో కలదు. అట్లు చేసినచో యంత్రము మనుమని చెవికి సరిపోవును గాని తాతగారి చెవికి గాదు. “ఇది చాలును” అని ఆయన యనినచో మన కది తక్కువగా తోచినను ఆయన మాటయే ప్రమాణము. పిమ్మట నోటికి చేయి యడ్డముంచి, మామూలు గొంతుతో “పాలు, తాలు, కాలు” అని పలికి, ఏది యేదో చెప్పుమనవలెను.

మొదటి దినములలో తన గొంతు బానలోనుండి వచ్చినట్లును, పళ్ళెముల చప్పుడు పిడుగువలెను తోచును. మెదడున కలవాటగుటకు వారములు పట్టును. కావున ముందు ఇంటిలో దినమునకు కొన్ని గంటలు ధరించిన చాలును; పెండ్లిపందిరిలో ఆరంభింపరాదు. గుడిగంట మ్రోగగానే తీసివేసిన కోపింపరాదు. ఎచ్చట, ఏ శబ్దమునకు బాధ కలిగెనో కాగితముపై వ్రాసి యుంచినచో మరుసటి సవరణకు అదియే యాధారము.