పెరటికోళ్ళ అంతుచిక్కని జబ్బు

తల్లాడ కూడలినుండి ఒక దారి వైరా మీదుగా ఖమ్మమునకును, ఒకటి సత్తుపల్లి, అశ్వారావుపేటల మీదుగా గోదావరి జిల్లాలకును, ఇంకొకటి ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెమునకును పోవును. ఈ దారుల వెంట మనుషులతోపాటు కోళ్ళును ప్రయాణము చేయుచుండును. పండుగకు కొన్న పుంజు, కూతురింటికి పంపిన పెట్ట, పాలుకిచ్చిన కోడి, సంతలో అమ్ముడుపోక మరల ఇల్లు చేరిన పిల్లలు, ఇవన్నియు ఊరినుండి ఊరికి చేరుచుండును. వానితోపాటు జబ్బులును చేరును.

పెరటికోడి లెక్క పంచాయతీ పుస్తకములలో కనబడదు. కాని గింజలకు, నూకలకు పెద్దగా ఖర్చు లేకుండ తిరిగి తిని, గ్రుడ్లు పెట్టి, పిల్లలను లేపి, అవసరమునకు చేతిలో నాలుగు రూపాయలు పెట్టునది అదియే. బడి పుస్తకములకు, మందులకు ఇంటి ఇల్లాలు ఎవరిని అడుగకుండ తీసి ఇచ్చు డబ్బు చాల ఇండ్లలో కోళ్ళ డబ్బే. అందువలన ఒక వారములో ఊరి కోళ్ళన్నియు తుడిచిపెట్టుకొని పోయినపుడు ఆ నష్టమును మొదట భరించునది ఆమె. "ఏదో మాయజబ్బు వచ్చినది" అని నిట్టూర్చి ఊరుకొనుట పరిపాటి. ఇందులో మాయ లేదు. జాగ్రత్తగా చూచినచో, నాలుగు ప్రశ్నలు వేసినచో, చాల సందర్భములలో జబ్బు తన పేరు తానే చెప్పును.

ఎన్ని ఇండ్లలో చచ్చుచున్నవి? ఏ వయస్సువి? ఎన్ని దినములనుండి? ఈ పది పదిహేను దినములలో ఊరిలోనికి క్రొత్త కోడి ఏదైన వచ్చెనా? ఈ నాల్గవ ప్రశ్నను మాత్రము మరువరాదు. దానికి సమాధానము తరచుగా కొంచెము తడబాటుతో వచ్చును.

పెద్దవి, చిన్నవి అను భేదము లేక ఒక వీధినుండి మరియొక వీధికి పాకుచు కోళ్ళు చచ్చుచున్నచో మొదట అనుమానింపవలసినది కొక్కెర తెగులు. కోడి ఈకలు ఉబ్బించుకొని మూల నిలుచును. మేత మానును. నోరు తెరచి గురగుర శబ్దముతో ఊపిరి తీయును. రెట్ట ఆకుపచ్చగా, తెల్లగా, నీళ్ళగా పడును. రెక్కలు, కాళ్ళు చచ్చుపడును; మెడ ఒక ప్రక్కకు మెలి తిరుగును; కొన్ని తిరిగినచోటనే గుండ్రముగా తిరుగుచుండును. గ్రుడ్లు పెట్టు పెట్టలు తోలుగ్రుడ్లు పెట్టును, లేదా గ్రుడ్లే మానును. టీకా పడని మందలో తీవ్రమైన తెగులు వచ్చినపుడు నూటికి తొంబది కోళ్ళు పోవుటయు కలదు.

ఈ వ్యాధిని 1926లో జావా ద్వీపమునందును, ఇంగ్లాండులోని న్యూకాజిల్ వద్దను గుర్తించిరి. మన దేశమున దాదాపు ఆ కాలముననే కుమావూను కొండలలోని రాణిఖేత్‌లో కనబడుటచే దీనికి రాణిఖేత్ వ్యాధి అను పేరు వచ్చినది. రాణిఖేత్ వాసులు చేసిన పాపమేమియు లేదు. పేరు మాత్రము వారి ఊరికి అంటుకొన్నది. దీనికి మూలము ఒక వైరస్. రోగపుకోడి రెట్ట, చీమిడి, మేతపళ్ళెము, నీటితొట్టి, మనుషుల చెప్పులు, కోళ్ళగంప, ఇవన్నియు దానిని మోయును. పావురములును మోయును. వైరస్ లోపల ప్రవేశించిన పిమ్మట సాధారణముగా అయిదారు దినములకు, ఒక్కొక్కప్పుడు రెండు వారములవరకు లక్షణములు బయటపడవు. సంతలో చురుకుగా కూసిన పుంజు ఇంటికి వచ్చిన నాల్గవనాడు మెడ వ్రేలవేయుటకు కారణమిదియే.

అయితే ప్రతి చావును కొక్కెర ఖాతాలో వ్రాయుటయు పొరపాటే. వైద్యముతో బ్రదుకవలసిన కోళ్ళు అట్లు పోవును. మూడు వారములనుండి రెండు నెలల లోపు పిల్లలు మాత్రమే ముడుచుకొని నెత్తుటి రెట్ట వేయుచున్నచో అది రక్తపారుడు. తడినేల, ఇరుకుగూడు దీనికి పుట్టిండ్లు. పశువైద్యుడిచ్చు మందును నీటిలో కలిపి త్రాగించినచో తగ్గును. జుట్టు నీలిరంగు తిరిగి, గడ్డపు తమ్మెలు వాచి, బలిసిన కోళ్ళే ముందుగా చచ్చినచో కోళ్ళ కలరా అయి ఉండవచ్చును. ఇది సూక్ష్మక్రిముల వలన వచ్చునది గనుక వేళకు మందు పడినచో పని చేయును. లూయీ పాశ్చర్ 1879-80 సంవత్సరములలో ప్రయోగశాలయందు బలహీనపరచిన క్రిములతో టీకా తయారుచేసినది ఈ కోళ్ళ కలరా మీదనే. మనుషులు, పశువులు నేడు పొందుచున్న టీకాలలో అనేకములకు దారిచూపినది కోడియే యని చెప్పవచ్చును.

జుట్టుమీద, కళ్ళచుట్టు పొక్కులు లేచినచో కోళ్ళ మశూచి. దానిని దోమలు వ్యాపింపజేయును. పొక్కులు శుభ్రపరచి మేత పట్టించినచో చాలవరకు కోలుకొనును. కోడి తేలికై, జుట్టు పాలిపోయి, నెలల తరబడి చిక్కుచున్నచో నులిపురుగులు, పేలు, గోమార్లు చూడవలెను. ఒకటి రెండు ఇండ్లలోనే, కొన్ని గంటలలో, మేతసంచి నిండుగానుండగా కోళ్ళు పడిపోయినచో విషమును అనుమానింపుడు. మొక్కజొన్న, ప్రత్తి విత్తు దినములలో మందు పట్టించిన ఎఱ్ఱరంగు విత్తనములు గట్టున ఒలికినచో కోళ్ళు ఏరుకొని తినును. ఇది వీధులు దాటదు.

కొక్కెర సోకిన పిమ్మట దానిని మాన్పు మందు లేదు. పసుపు, వెల్లుల్లి, మిరపపొడి పోయుదురు. పోసిన పదింటిలో ఒకటి బ్రదుకును. కీర్తి మిరపపొడికి దక్కును. పోయకున్నను ఆ ఒక్కటి బ్రదికెడిదే. అప్పుడు చేయదగినది మిగిలినవానిని కాపాడుట. జబ్బుకోళ్ళను వేరుపరచవలెను. చచ్చినవానిని వాగులో, చెరువులో, దిబ్బమీద పారవేయక కుక్కలు త్రవ్వలేనంత లోతున పూడ్చి సున్నము చల్లవలెను. గూడు ఖాళీయైన తరువాత నెల దినములైనను క్రొత్తకోళ్ళను తేరాదు. అన్నిటికంటె కష్టమైనది మరియొకటి కలదు: చచ్చులోపల అమ్ముకొందమని సంతకు తీసికొనిపోవుట. పేదయింటి ఇల్లాలిని ఇందుకు నిందించుట తేలిక. కాని ఆ కోడి ప్రక్క ఊరి ఇల్లాలి గంపక్రిందికే చేరునని చెప్పువారు ఆమెకు కావలెను.

టీకాయే దీనికి విరుగుడు. ముక్తేశ్వర్ పశువైద్య పరిశోధనశాలలో 1940వ దశకమున రూపొందిన టీకా నేటికిని వాడుకలోనున్నది. పిల్లలకు మొదటి వారములో లసోటా లేక ఎఫ్ రకపు టీకా కంటిలోగాని ముక్కులోగాని ఒక చుక్క, నాలుగు వారములకు మరల ఒక చుక్క వేయుదురు. ఎనిమిది వారములు నిండిన పిమ్మట రెక్క క్రింద చర్మములో అరమిల్లీలీటరు ముక్తేశ్వర్ టీకా ఇత్తురు. ఆరు మాసములకొకసారి మరల వేయించుట మంచిది.

ఇంత సులువైనది ఊళ్ళకు ఎందుకు అందదు? చిక్కు సీసాలోనున్నది. ఒక్కొక్క సీసాలో నూరు, రెండు నూరులు, అంతకు పైబడి మోతాదులుండును. ఒకసారి కలిపినచో రెండు గంటలలో వాడివేయవలెను. అంతవరకు మంచులో ఉంచవలెను. ఆరు కోళ్ళున్న ఇల్లాలు ఆ సీసాను ఏమి చేసికొనును? ఇన్నూరు ఇండ్లు, ఇంటికి అయిదు కోళ్ళు అనుకొన్నచో వేయి కోళ్ళు. ఇది ఒక ఇంటికి మోయరాని పని. ఒక పంచాయతీకి ఒక ఉదయపు పని.

కావున సంక్రాంతి దాటిన పిమ్మట ఒక దినము, తొలకరి తరువాత ఒక దినము మండల పశువైద్యునితో మాట్లాడి నిర్ణయింపుడు. ఒక వారము ముందుగా నులిపురుగుల మందు త్రాగించినచో టీకా బాగుగా పట్టును. ముందునాటి సాయంకాలము చాటింపు వేయించి కోళ్ళను గంపలక్రింద మూయించవలెను. చెట్లెక్కు కోళ్ళను చీకటిలోనే దింపవలెను. తెల్లవారి ఎండ ఎక్కకమునుపే, థర్మాస్ ఫ్లాస్కులో మంచుతో వచ్చిన టీకాతో, వీధివెంట వీధి ముగింపవలెను. జబ్బుకోడికి సూది వేయింపరాదు. వైరస్ అప్పటికే లోపల దాగియున్న కోడి టీకా తరువాత చచ్చును. సూదియే చంపినదను మాట ఊరంత పాకును. ఈ సంగతిని ముందుగానే చెప్పియుంచుట మేలు.

ఒక్క జాగ్రత్త. కోళ్ళు లక్షణములు చూపకయే కుప్పలుగా కూలి, తలలు వాచి, కాళ్ళమీద నెత్తుటి మచ్చలు కనబడి, కాకులును చచ్చుచున్నచో అది పక్షిజ్వరము కావచ్చును. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మన దేశమున మొదటిసారి కనబడిన ఈ వ్యాధి, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారములలోనికి వచ్చెను. ఆ జిల్లాలకు పోవు దారి తల్లాడ మీదుగానే పోవును. ఇది మనుషులకును సోకగలదు. అట్టి కోడిని కోయరాదు, వట్టిచేతితో తాకరాదు. పశువులలో అంటువ్యాధుల నివారణకై 2009లో వచ్చిన చట్టము ప్రకారము ఇట్టి అనుమానమును కోళ్ళ యజమాని గ్రామాధికారికిగాని పంచాయతీకిగాని తెలుపవలెను. అక్కడినుండి అది వ్రాతపూర్వకముగా సమీప పశువైద్యునికి అందవలెను. కొక్కెరయు ఆ చట్టపు జాబితాలోనున్నదే. వ్రాయు కాగితములో ఊరు, తేది, ఇండ్ల సంఖ్య, చచ్చిన కోళ్ళ సంఖ్య, మొదటి చావు ఏనాడు, క్రొత్తకోడి ఎక్కడినుండి వచ్చినది అను వివరములుండిన చాలును.