చదివినది తెలిసినదా?

బడి చూడబోయిన పంచాయతీ సభ్యులు, పిల్లవాడు గడగడ చదువగనే సంతసించి మరలుచుందురు. చదువుట వేరు, గ్రహించుట వేరు. బావిలో బ్లీచింగు పొడి కలిపిన పిదప కనీసము అరగంట నీరు త్రాగరాదను ప్రకటనను చదివించి, 7 గంటలకు కలిపినచో నీరెప్పుడు త్రాగవచ్చునో అడుగుడు. తడబడినచో మరల చదివించుడు. జవాబునకు ఆధారము అందులోనే యున్నది.

కథకు ఈ పద్ధతి చాలదు. పంచతంత్రములోని సింహము నూతిలోనికి దుమికినదని యెల్లరు చెప్పుదురు. మరియొక సింహమున్నదని కుందేలు ఏల చెప్పినది? దీనికి సింహము గర్వమును ఊహింపవలెను. పిల్లలు తలకొక జవాబు చెప్పినను ఖండింపకుడు. కథలో ఏ మాటనుబట్టి అట్లు తోచినదో చూపుమనుడు.

1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుతో గ్రంథాలయ సుంకము వసూలు చేయుచున్నాము. ఆ పుస్తకములు మీ బడిపిల్లల చేతికి వచ్చుచున్నవా?