తప్పు కార్మికుడిదేనా? - అమెరికా కార్ల కంపెనీలు నేర్పిన పాఠం

నేను బి.కాం. చదివే రోజుల్లో పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చారు: “పెద్ద పరిశ్రమలు ఎందుకు దెబ్బతింటాయి?” అమెరికా కార్ల కంపెనీలను ఉదాహరణగా తీసుకుని, కార్మికులు ఎక్కువ జీతం అడిగి తక్కువ పని చేయడం వల్లనే అని నాలుగు పేజీలు నింపాను. మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను. ఆనాటి నా జవాబులో సగం తప్పుందని ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

ముందు చరిత్ర చూద్దాం. 1962 ప్రాంతంలో అమెరికాలో అమ్ముడైన ప్రతి రెండు కార్లలో ఒకటి జనరల్ మోటార్స్ వారిదే. ఫోర్డు, క్రిస్లర్ కూడా కలిస్తే ఇక వీరికి ఎదురే లేదు. పెద్ద కారు మీద లాభం పెద్దది కనుక చిన్న కారు సంగతి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. 1979లో ఇరాన్ విప్లవంతో ధరలు మళ్లీ భగ్గుమన్నాయి. జనం తక్కువ పెట్రోలుతో నడిచే జపాను కార్ల వైపు తిరిగారు.

ఈ పరిశ్రమలో స్థిర వ్యయాలు చాలా ఎక్కువ. యంత్రాలు, అచ్చులు, వడ్డీలు, పింఛన్లు - కారు అమ్ముడైనా కాకపోయినా ఇవి ఆగవు. అమ్మకాలు ఒక గీత దాకా వస్తే లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆ గీత కిందికి జారితే మాత్రం పతనం చాలా వేగం. 1980లో క్రిస్లర్ నష్టం సుమారు 170 కోట్ల డాలర్లు! ప్రభుత్వం అప్పులకు హామీ ఉంటేనే బతికింది. ఆ అప్పును 1983లోనే, గడువుకు ఏడేళ్లు ముందుగా తీర్చేసింది.

ఇక అసలు కథ. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కర్మాగారం ఉండేది. రోజూ ఐదుగురిలో ఒకరు పనికి వచ్చేవారు కారు. కార్లలో లోపాలు, యాజమాన్యంతో తగాదాలు. “ఇంతకంటే చెడ్డ కార్మికులు లేరు” అనిపించుకుని 1982లో అది మూతపడింది. 1984లో టయోటాతో భాగస్వామ్యంగా ‘న్యూమి’ పేరుతో మళ్లీ తెరిచారు. నిర్వహణ టయోటాది. మొదట చేర్చుకున్న కార్మికుల్లో నూటికి 85 మంది పాతవాళ్లే. సంఘం కూడా అదే, యునైటెడ్ ఆటో వర్కర్స్.

కొందరిని జపాను పంపి శిక్షణ ఇప్పించారు. లైను పక్కన ఒక తాడు కట్టారు. పనిలో తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా దాన్ని లాగవచ్చు. సరిచేయలేకపోతే లైను ఆగుతుంది. అంతకు ముందు లైను ఆపడమంటే మహాపరాధం! గైర్హాజరు నూటికి ఇద్దరు ముగ్గురికి పడిపోయింది. కార్ల నాణ్యత జపానులో తయారైన వాటికి దీటుగా నిలిచింది. మనుషులు వాళ్లే. మారినదల్లా వాళ్లతో పని చేయించే పద్ధతి.

మరి జనరల్ మోటార్స్ ఈ పాఠం నేర్చుకుందా? నేర్చుకుంది, కాని చాలా నిదానంగా. న్యూమిలో పనిచేసి వచ్చిన మేనేజర్లను తలా ఒక చోటికి పంపేసింది. రోబోల మీద మాత్రం వేల కోట్ల డాలర్లు గుమ్మరించింది. కొన్ని చోట్ల తాడు కట్టారు గాని, లాగినవాడికి చీవాట్లు తప్పలేదు.

2009 జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసింది. ఆస్తులు సుమారు 8,200 కోట్ల డాలర్లు. అప్పులు 17,200 కోట్ల పైమాటే. క్రిస్లర్ అంతకు నెల ముందే ఆ దారి పట్టింది. ఫోర్డు 2006లోనే తన నీలిరంగు గుర్తుతో సహా ఆస్తులు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చుకుంది కనుక గండం గడిచింది. జనరల్ మోటార్స్ తప్పుకోవడంతో న్యూమి కూడా 2010 ఏప్రిల్‌లో మూతపడింది. బాగా పనిచేసినవాళ్లకూ ఉద్యోగాలు పోయాయి. ఆ కర్మాగారాన్ని అదే ఏడాది టెస్లా కొన్నది.

జీతాల భారం లేదని నేననను. రిటైరైన లక్షలాది మంది పింఛన్లు, వైద్య ఖర్చులు కంపెనీని కుంగదీసిన మాట నిజమే. నా జవాబులో సగం అందుకే ఒప్పు. అయితే ఆ ఒప్పందాల మీద రెండో సంతకం యాజమాన్యానిదే. చిన్న కారును చిన్నచూపు చూసిందీ యాజమాన్యమే.

మీలో కొందరు రేపు బ్యాంకుల్లో, ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో పదిమందిపై అధికారులవుతారు. కిందివాడు తాడు లాగిన రోజున “ఎవడురా ఆపింది?” అంటారా, “ఏమైంది?” అని అడుగుతారా? కంపెనీల జమాఖర్చులు చదివేటప్పుడు ఈ ప్రశ్న కూడా పక్కన రాసుకోండి.