వర్డ్‌లో పసుపు పట్టీ, ఎర్ర పట్టీ

వర్డ్ ఫైలు తెరవగానే పైన పసుపు పట్టీ కనిపిస్తే చాలామంది దాన్ని చదవరు. ‘ఎనేబుల్’ అన్న మాట ఎక్కడుందో వెతికి నొక్కేస్తారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఐదింటికల్లా నోటు సంతకానికి పోవాలి, పక్క సెక్షన్ నుంచి ఫోన్ మీద ఫోన్, మధ్యలో ఈ పట్టీ ఒకటి. కానీ ఆ పసుపు పట్టీలో రోజుకో మాట ఉండొచ్చు. ఒకరోజు ‘ఎనేబుల్ ఎడిటింగ్’ అంటుంది, ఇంకోరోజు ‘ఎనేబుల్ కంటెంట్’ అంటుంది. మొదటిది నొక్కితే ఫైల్లో అక్షరాలు దిద్దుకోవచ్చు. రెండోది నొక్కితే ఆ ఫైల్లో దాగి ఉన్న ప్రోగ్రాంకి మీ కంప్యూటర్లో మీ పేరు మీద పనిచేసే అధికారం ఇచ్చేసినట్టే.

ముందు మొదటి దాని సంగతి. నెట్ నుంచి దించుకున్న ఫైలు, మెయిల్లో వచ్చిన అటాచ్‌మెంట్ తెరిస్తే వర్డ్ దాన్ని ‘ప్రొటెక్టెడ్ వ్యూ’లో పెడుతుంది. ఆఫీస్ 2010తో వచ్చిన ఏర్పాటు ఇది. చదువుకోవచ్చు కానీ మార్చలేం. ఫైలు బయటినుంచి వచ్చిందని వర్డ్‌కి ఎలా తెలుసు? డౌన్‌లోడ్ అయ్యేటప్పుడే బ్రౌజర్ దాని వెనకాల ‘ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చింది’ అని ఒక చిన్న గుర్తు రాసిపెడుతుంది. దాన్ని మీరూ చూడొచ్చు. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. ‘జనరల్’ ట్యాబ్ అడుగున ‘ఈ ఫైలు వేరే కంప్యూటర్ నుంచి వచ్చింది’ అన్న అర్థంలో ఇంగ్లిష్‌లో ఒక లైను, పక్కనే ‘అన్‌బ్లాక్’ అనే టిక్ పెట్టె ఉంటాయి. హార్డ్ డిస్కులో విండోస్ ఫైళ్లను దాచే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలోనే ఈ గుర్తు నిలుస్తుంది. మామూలు పెన్ డ్రైవ్‌లో ఎక్కించి దించితే రాలిపోతుంది. కాబట్టి పెన్ డ్రైవ్‌లో వచ్చిన ఫైలుకి పసుపు పట్టీ రాలేదంటే అది శుభ్రమైన ఫైలని కాదు. ఎక్కడినుంచి వచ్చిందో వర్డ్‌కి తెలియలేదని, అంతే.

చదవడమే పనైతే ‘ఎనేబుల్ ఎడిటింగ్’ జోలికి పోనక్కర్లేదు. సర్క్యులర్లు, మీటింగ్ నోటీసులు, టెండర్ షరతులు పసుపు పట్టీ కిందే హాయిగా చదువుకోవచ్చు. ఇది మరీ చాదస్తమనుకునేవాళ్లు 2022 మేలో బయటపడ్డ ‘ఫోలినా’ లోపాన్ని గుర్తుచేసుకోవాలి. అందులో మాక్రో అనేదే లేదు. మామూలుగా కనిపించే వర్డ్ ఫైలే విండోస్‌లోని ఓ సమస్యా పరిష్కార పరికరాన్ని పిలిచి దాని చేత తన పని చేయించుకునేది. ప్రొటెక్టెడ్ వ్యూలో ఉన్నంతసేపు ఆ ఆట సాగలేదు.

ఒక్కోసారి పట్టీ పసుపులో కాక ఎరుపులో వస్తుంది. ఫైల్లో ఏదో తేడా ఉందని, మారిస్తే కంప్యూటర్‌కి హాని జరగొచ్చని అంటుంది. ఫైలు లోపలి నిర్మాణం ఉండాల్సిన తీరులో లేదని దాని భావం. డౌన్‌లోడ్ సగంలో తెగి ఉండొచ్చు, లేదా ఎవరో కావాలని కెలికి ఉండొచ్చు. ‘ఫైల్’ మెనూలోకి వెళ్తే ‘ఎడిట్ ఎనీవే’ అని దారి ఉంటుంది గానీ ఆ దారిన పోకండి. పంపినవాళ్లనే మళ్లీ పంపమనండి.

ఇక రెండో మాట, ‘ఎనేబుల్ కంటెంట్’. అసలు ప్రమాదం ఇక్కడే. వర్డ్ ఫైల్లో మాక్రో అనే చిన్న ప్రోగ్రాం ఇమిడి ఉండొచ్చు. మాక్రో ద్వారా వైరస్ పాకగలదని 1995లో ‘కాన్సెప్ట్’ రుజువు చేసింది. 1999 మార్చిలో వచ్చిన ‘మెలిస్సా’, ఫైలు తెరిచినవాళ్ల అవుట్‌లుక్ చిరునామాల్లో మొదటి 50 మందికి తనంతట తానే మెయిల్ పంపుకుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి నడిచిన ‘ఎమోటెట్’ ముఠా ఇంతకన్నా తెలివిగా మనుషుల మీద పనిచేసింది. దాని ఫైలు తెరిస్తే ఇన్వాయిసూ ఉండదు, జీతాల పట్టికా ఉండదు. ఆఫీస్ గుర్తుతో ఒక బొమ్మ, కింద ఓ ప్రకటన: ఈ పత్రం వేరే వెర్షన్‌లో తయారైంది, చూడాలంటే పైనున్న పసుపు పట్టీలో ముందు ఎనేబుల్ ఎడిటింగ్, తర్వాత ఎనేబుల్ కంటెంట్ నొక్కండి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. పైనున్న పట్టీ వర్డ్‌ది. కిందున్న పేజీ ఫైలు పంపినవాడిది. పట్టీలో ఏం నొక్కాలో పేజీ మీకు నేర్పుతోందంటే ఆ ఫైలును అక్కడికక్కడే మూసేయవచ్చు. ఈ ఒక్క గుర్తు తెలిసి ఉంటే చాలు, ఇలాంటి మోసాలు చాలావరకు గడప దాటవు. నిజమైన ఇన్వాయిస్ ఏదీ తనను ఎలా తెరవాలో పాఠం చెప్పదు.

ఫైలు పేరు చివర చూసే అలవాటు కూడా చేసుకోవాలి. డీఓసీఎక్స్ అని ఉంటే అందులో మాక్రో దాచలేరు. డీఓసీఎం అని ఉంటే దాచగలరు. పాతకాలపు డీఓసీ అయితే ఉందో లేదో పేరు చూసి చెప్పలేం. విండోస్ ఈ చివరి అక్షరాలను మామూలుగా దాచేస్తుంది. ఫోల్డర్ కిటికీలో ‘వ్యూ’ కిందికి వెళ్లి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ పెడితే కనిపిస్తాయి.

మైక్రోసాఫ్ట్ 2022లో ఇంకో అడుగు వేసింది. ఇంటర్నెట్ గుర్తు ఉన్న ఫైల్లో మాక్రో ఉంటే ఇప్పుడు ఎర్ర పట్టీ వస్తుంది. అందులో ‘ఎనేబుల్’ బొత్తామే ఉండదు. మాక్రోలను ఆపేశామని చెప్పి, వివరాలకు ఇంకో బొత్తాం చూపి ఊరుకుంటుంది. జనం గోల పెడితే ఆ జులైలో కొన్నాళ్లు వెనక్కి తీసుకుని, నెలాఖరులోపే మళ్లీ మొదలుపెట్టారు. ‘నిన్నటిదాకా పనిచేసిన మాక్రో ఇవాళ పనిచేయడం లేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

నిజంగా అవసరమైన మాక్రోలూ ఉంటాయి మరి. మన డీటీపీ సెంటర్లలో, పత్రికా ఆఫీసుల్లో అను ఫాంట్లలో కొట్టిన పాత మ్యాటర్‌ను యూనికోడ్‌కి మార్చే మాక్రో ఒకటి చేతులు మారుతూ ఉంటుంది. తెలిసినాయన దాన్ని మెయిల్లో పంపాడు, ఎర్ర పట్టీ అడ్డుపడింది. అప్పుడు ఆయనకు ఫోన్ చేసి ‘మీరే పంపారా?’ అని అడగండి. మెయిల్‌కి జవాబుగా అడిగితే లాభం లేదు, ఆయన మెయిలే దొంగ చేతిలో ఉండొచ్చు. అవునంటే ఫైలు మూసి, ప్రాపర్టీస్‌లో ‘అన్‌బ్లాక్’ టిక్ పెట్టి, ఓకే చేసి మళ్లీ తెరవండి. అనుమతి ఆ ఒక్క ఫైలుకే దక్కుతుంది. అలాంటి ఫైళ్లతో రోజూ పనుంటే ‘ఫైల్’, ‘ఆప్షన్స్’లోని ‘ట్రస్ట్ సెంటర్’లో ‘ట్రస్టెడ్ లొకేషన్స్’ కింద విడిగా ఒక ఫోల్డర్ చేర్చుకోవచ్చు. డౌన్‌లోడ్స్‌ని, డెస్క్‌టాప్‌ని మాత్రం అందులో చేర్చకండి. ఊళ్లోని చెత్తంతా వచ్చి పడేది అక్కడే.

చాలా ఆఫీసుల్లో జరిగేది ఇంకోటి. విసుగొచ్చిన ఎవరో అదే ట్రస్ట్ సెంటర్‌లోని ‘మాక్రో సెట్టింగ్స్’లోకి వెళ్లి ‘ఎనేబుల్ ఆల్ మాక్రోస్’ పెట్టేస్తారు. ఒక చుట్టం వస్తున్నాడని వీధి తలుపు ఏడాది పొడుగునా తీసి ఉంచడం లాంటిదది. ఆ బొత్తాం పక్కనే ‘సిఫార్సు చేయం, ప్రమాదకరమైన కోడ్ నడవొచ్చు’ అని మైక్రోసాఫ్టే ఇంగ్లిష్‌లో రాసిపెట్టింది. అనుమతి ఇవ్వాల్సింది ఒక ఫైలుకి, మహా అయితే ఒక ఫోల్డర్‌కి. మీ కంప్యూటర్లో ఆ సెట్టింగ్ ఇప్పటికే అలా ఉంటే ఇవాళే ‘డిసేబుల్ విత్ నోటిఫికేషన్’కి మార్చండి. ఆ సెట్టింగ్ మసకబారి కదలకపోతే మీ ఐటీ విభాగం కట్టుదిట్టం చేసిందన్నమాట. వాళ్లతో మాట్లాడుకోవాలి గానీ అడ్డదారులు వెతకొద్దు.

ఏమరుపాటున నొక్కేశారా? ముందు నెట్ తీసేయండి, తర్వాత ఐటీ వాళ్లకు చెప్పండి. భయపడి దాచిపెట్టిన గంటలోనే అది పక్క మెషీన్లకు పాకొచ్చు. పాస్‌వర్డ్‌లు వేరే కంప్యూటర్ నుంచి మార్చుకోండి. ఖాతాలోంచి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

వర్డ్‌కి అదనంగా తగిలించుకునే యాడ్-ఇన్‌లది వేరే కథ. ఇక్కడ చిక్కు ఎక్కువగా దొంగల వల్ల కాదు, పడని కాపురం వల్ల వస్తుంది. పీడీఎఫ్ తయారీకి ఒకటి, రెఫరెన్సులకు జొటెరో లాంటిది ఒకటి, వ్యాకరణం దిద్దేది ఒకటి, అన్నీ వర్డ్ లోపలే కూర్చుంటాయి. వర్డ్ తెరుచుకోవడానికి నిమిషం పడుతున్నా, సేవ్ కొట్టగానే మూసుకుపోతున్నా మొదట అనుమానించాల్సింది వీటినే. పరీక్ష తేలిక. కంట్రోల్ కీ నొక్కిపట్టి వర్డ్ ఐకాన్ మీద క్లిక్ చేయండి. సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది, సరే అనండి. అక్కడ వర్డ్ బుద్ధిగా నడిస్తే తప్పు వర్డ్‌ది కాదు, దానికి తగిలించినవాటిది. సేఫ్ మోడ్‌లోనూ మొరాయిస్తే కంట్రోల్ ప్యానెల్‌లో ఆఫీస్‌ని ఎంచుకుని ‘క్విక్ రిపేర్’ చేయించండి.

దోషిని పట్టుకోవడానికి ‘ఫైల్’, ‘ఆప్షన్స్’, ‘యాడ్-ఇన్స్’ దాకా వెళ్లండి. పేజీ అడుగున ‘మేనేజ్’ పక్కన ‘కామ్ యాడ్-ఇన్స్’ ఎంచుకుని ‘గో’ కొట్టండి. ఎనిమిది ఉన్నాయనుకుందాం. నాలుగింటికి టిక్ తీసి వర్డ్ మూసి తెరవండి. బాగుపడిందా, దోషి ఆ నాలుగింటిలో ఉంది. లేదా, మిగతా నాలుగింటిలో. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే మూడో విడతకి దొరికిపోతుంది. టిక్ తీయండి గానీ ఆ పెట్టెలోనే ఉన్న ‘రిమూవ్’ నొక్కకండి. తర్వాత తిరిగి తెచ్చుకోవడం అదో తలనొప్పి.

దీనికి తలకిందులైన సమస్య ఒకటుంది: నిన్న ఉన్న ట్యాబ్ ఇవాళ మాయం. ఏదైనా యాడ్-ఇన్ వల్ల కుప్పకూలితే వర్డ్ దాన్ని తనే పక్కన పెట్టేస్తుంది. అదే ‘మేనేజ్’ జాబితాలో ‘డిసేబుల్డ్ ఐటమ్స్’ చూస్తే అక్కడ తలవంచుకుని కూర్చుని ఉంటుంది, ‘ఎనేబుల్’ చేస్తే సరి. కొత్త కంప్యూటర్ వచ్చినప్పుడు మాయమైతే మాత్రం కారణం వేరే. ఆఫీస్ 2019 నుంచి మామూలుగా 64 బిట్ రకమే ఇన్‌స్టాల్ అవుతుంది. 32 బిట్ కాలంలో రాసిన కామ్ యాడ్-ఇన్ అందులో ఎక్కదు. పాత మాక్రోలు కొన్ని కూడా 64 బిట్‌కి తగ్గట్టు మార్చమని ఎర్రర్ ఇస్తాయి. ‘ఫైల్’, ‘అకౌంట్’, ‘అబౌట్ వర్డ్’ తెరిస్తే మీది ఏ రకమో పై లైన్లోనే ఉంటుంది. దీనికి చిట్కాలు లేవు. యాడ్-ఇన్ కొత్త వెర్షన్ తెచ్చుకోవడమో, తయారుచేసినవాళ్లను అడగడమో చేయాలి.

యాడ్-ఇన్‌ల టిక్‌లన్నీ తీసేసినా జబ్బు తగ్గకపోతే, కొత్త ఫైళ్లకు వర్డ్ మూసగా వాడే నార్మల్ టెంప్లేట్‌ని చూడాలి. వర్డ్, అవుట్‌లుక్ రెండూ మూసి, రన్ పెట్టెలో పర్సెంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా అని కొట్టి, మైక్రోసాఫ్ట్ ఫోల్డర్లో టెంప్లేట్స్ తెరవండి. అందులో నార్మల్ డాట్ డీఓటీఎం ఫైలు పేరు మార్చండి. వర్డ్ కొత్తది తయారుచేసుకుంటుంది. డిలీట్ మాత్రం చేయకండి. ఏళ్ల తరబడి మీరు దాచుకున్న ఆటోటెక్స్ట్, షార్ట్‌కట్ కీలు, స్టైళ్లు ఆ పాత ఫైల్లోనే ఉంటాయి.

వ్యాకరణం దిద్దే యాడ్-ఇన్‌ల గురించి ఓ మాట. వాటిలో చాలావరకు మీ వాక్యాలను తమ సర్వర్‌కి పంపి చూస్తాయి. కోర్టు కాగితాలు, ఉద్యోగుల మీద విచారణ నివేదికలు టైపు చేసే మెషీన్‌లో వాటికి పనిలేదు.

లిబ్రె ఆఫీస్ వాడేవాళ్లకూ ఇవే లెక్కలు. ‘హెల్ప్’ మెనూలో సేఫ్ మోడ్ ఉంటుంది, మాక్రో భద్రత మామూలుగా ‘హై’ మీద ఉంటుంది, అలాగే ఉండనివ్వండి. ఇక వర్డ్ వాడేవాళ్ల సంగతి: ఆఫీస్ 2016, 2019లకు 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగింది. ఇంకా అవే ఉన్నచోట ఈ జాగ్రత్తలు రెట్టింపు కావాలి. క్రాక్ చేసిన కాపీల సంగతి చెప్పనక్కర్లేదు. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమన్నప్పుడే అసలు పట్టీ వచ్చేసింది.

ఇన్ని చేసినా తేలకపోతే ఐటీ మనిషిని పిలిచే ముందు తెర మొత్తం ఫోన్‌తో ఫొటో తీయండి, పట్టీ ఒక్కటే కత్తిరించకుండా. ఫైలు ఎవరు, ఎలా పంపారు, సేఫ్ మోడ్‌లో ఎలా నడిచింది, 32 బిట్టా 64 బిట్టా, ఇవి రాసి పెట్టుకోండి. ‘వర్డ్ పనిచేయడం లేదు’ అని మాత్రమే చెబితే ఆయన వచ్చి అడిగే మొదటి ప్రశ్నలు ఇవే.