కాన్పుకు జపాను పోయే తల్లి

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలయింది. అంతకు ముందు విమానాలు బేగంపేటలో దిగేవి. ఇప్పుడు శంషాబాద్ చుట్టుపక్కల ఆడవాళ్ళకు విమానం వింత కాదు. పొలంలో ఉన్నా, వాకిట్లో ఉన్నా తల మీద నుంచే పోతుంది.

విమానాశ్రయం దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఎక్కేది ఒక్కరు. సాగనంపేది పది మంది. ఎక్కేవాళ్ళలో నడి వయసు తల్లులు కనిపిస్తారు. బిడ్డ కాన్పుకు పోతుంటారు. కొందరు అమెరికాకు, కొందరు జపానుకు.

వెనుక మొదటి కాన్పుకు బిడ్డే పుట్టింటికి వచ్చేది. ఇప్పుడు తల్లే బిడ్డ దగ్గరికి పోతున్నది. జపాను ఆడవాళ్ళకూ ఈ ఆచారం ఉంది. నెలలు నిండుతుంటే చాలామంది పుట్టింటికి పోతారు. దానికి వాళ్ళ భాషలో ఒక పేరు కూడా ఉంది. 'సతొగాయెరి' అంటారు. పుట్టింటికి తిరిగి రావడం అని అర్థం.

జపాను రాజధాని టోక్యో. అక్కడ నిషి కసాయి అనే పేట ఉంది. కంప్యూటర్ పని మీద పోయిన మన దేశం వాళ్ళు అక్కడ చాలామంది ఉంటారు. తెలుగు వాళ్ళూ ఉన్నారు. కందిపప్పు, ఆవాలు దొరుకుతాయి. కాబట్టి పెట్టె నిండా మోసుకుపోనవసరం లేదు. మాంసం పచ్చడి, మామిడికాయలు అసలే పెట్టుకోవద్దు. అక్కడ దిగగానే తీసేసుకుంటారు.

మన దగ్గర పొద్దున ఆరు గంటలయితే అక్కడ తొమ్మిదిన్నర. అల్లుడు అప్పటికే పనికి పోయి ఉంటాడు. ఇంట్లో నిండు చూలాలు, ఆమె తల్లి. ఇద్దరే. బయట బోర్డులన్నీ జపాను అక్షరాలే. ఇంజనీరు చదివిన అల్లుడికీ అవి సగం రావు. పెద్ద చదువు చదివినవాళ్ళు కూడా అక్కడ దిగిన రోజున ఓనమాలు రానివాళ్ళే!

జపాను వాళ్ళకు మూడు రకాల రాత ఉంది. బొమ్మల్లాంటి అక్షరాలు ఒక రకం. బడిలో మొదటి ఆరేళ్ళలోనే పిల్లలు అవి 1,026 నేర్చుకోవాలి. మిగతా రెండు రకాలు తేలిక. ఒక్కో దానిలో 46 అక్షరాలు. వాటిని ఎలా చదువుతారో చూడండి.

అ, ఇ, ఉ, ఎ, ఒ.
క, కి, కు, కె, కొ.

ఎక్కడో విన్నట్టు లేదూ? మన గుణింతమే. దీర్ఘాలు ఈ వరుసలో లేవు, అంతే. వెనుకటి రోజుల్లో అక్కడి బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాల కోసం మన దేశపు అక్షరాలు నేర్చారు. ఆ వరుస అలా వాళ్ళ భాషకు చేరింది. గుణింతం వచ్చిన తల్లికి ఈ వరుస నోటికి రావడం ఎంత సేపు?

అయినా ముందు నేర్వవలసింది చెత్త సంగతి. నవ్వకండి. అక్కడ చెత్త వేయడానికీ చదవాలి. కాలే చెత్త వారంలో రెండు రోజులు తీసుకుపోతారు. సీసాలు, డబ్బాలు, కాగితాలకు ఇంకో రోజు. పగిలిన పింగాణీ వంటి వాటికి వేరే రోజు. పొద్దున ఎనిమిదిలోపు చెప్పిన చోట పెట్టాలి. కాకులు చింపకుండా పైన వల కప్పాలి. రోజు తప్పితే సంచి మీద ఒక చీటీ అంటించి అక్కడే వదిలిపోతారు. అందరూ చూస్తుండగా దాన్ని మళ్ళీ ఇంటికి మోసుకు రావాలి. అందుకే చాలామంది గోడకు ఒక కాగితం అంటించుకుంటారు. ఏ వారం ఏ చెత్తో బొమ్మలతో ఉంటుంది. పక్కన తెలుగులో రాసుకుంటే సరి.

రైలు సంగతి దీనికన్నా తేలిక. పేరు చదవలేకపోయినా ఫరవాలేదు. స్టేషనుకు అంకె ఉంటుంది, లైనుకు రంగు ఉంటుంది. నిషి కసాయి లైను లేత నీలం. స్టేషను అంకె 16. తోడు లేకుండా ఆసుపత్రికి పోవలసి వస్తే ఆ రంగు, ఈ అంకె చాలు ఇంటికి తిరిగి చేరడానికి. రైల్లో మాత్రం ఫోనులో మాట్లాడకూడదు.

ఇక అన్నిటికన్నా మెచ్చుకోవలసినది ఒక చిన్న పుస్తకం. కడుపుతో ఉన్నానని చెప్పగానే అక్కడి పురపాలక ఆఫీసు ఈ పుస్తకం ఇస్తుంది. తల్లి బరువు, రక్తపోటు, కాన్పు వివరాలు అందులో రాస్తారు. బిడ్డకు ఆరేళ్ళు వచ్చే దాకా ఎదుగుదల, టీకాలు అన్నీ అందులోనే. 1942లో గర్భిణుల కోసం మొదలుపెట్టారు. 1948లో తల్లీబిడ్డల పుస్తకం చేశారు. ఇంగ్లీషు కలిపి అచ్చు వేసినదీ దొరుకుతుంది. మన అంగన్‌వాడీలో ఇచ్చే మాతా శిశు కార్డుకు ఇది అక్క లాంటిది.

కాన్పు మామూలుగా జరిగినా దాదాపు ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచుతారు. తర్వాత నర్సు గానీ మంత్రసాని గానీ ఇంటికే వచ్చి పసిబిడ్డను తూచి చూస్తుంది. మన ఆశా కార్యకర్త వచ్చినట్టే. కానీ బాలింతను చూడడానికి ఇరుగు పొరుగు వచ్చి కూచోవడం తక్కువ. వాకిట్లో మాటలు ఉండవు. పొద్దు పోదు. మన తల్లులకు ఇదే కష్టం. వంట కన్నా, చలి కన్నా ఇదే.

ఉగాది రోజులకు మాత్రం టోక్యో మారిపోతుంది. సకురా చెట్లు ఒక్కసారిగా పూస్తాయి. ఆకు కనిపించదు, అంతా లేత గులాబీ పువ్వే. జనం చెట్ల కింద పట్టాలు పరుచుకుని తింటారు. మన కార్తీక వనభోజనాల్లాగే. చెప్పులు పట్టా బయటే విడుస్తారు. వారం పది రోజులకు పూలు రాలిపోతాయి.

తల్లికి ఎక్కువలో ఎక్కువ 90 రోజులే ఉండనిస్తారు. మనుమరాలు బోర్లా పడే వేళకు అమ్మమ్మ శంషాబాద్‌లో దిగాలి.

చదవండి, రాయండి: మీ ఇంట్లో మాతా శిశు కార్డు ఉంటే తెచ్చి చదవండి. బిడ్డ పుట్టిన తేదీ, బరువు, వేసిన టీకాలు నోటు పుస్తకంలో రాయండి. ఇంకా వేయవలసిన టీకా ఏదో, ఏ నెలలోనో కింద రాయండి.