అరవకండి, అడగండి!

మన ఐరాల మండలంలోని కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేయమంటే, అప్పు ఎగ్గొట్టినవాడు కూడా వెనకడుగు వేస్తాడని ఈ వైపు నమ్మకం. విమాన సంస్థతో తగాదా మాత్రం ప్రమాణంతో తెగదు. అక్కడ చెల్లేది కాగితమే. ఆ కాగితం సంపాదించాలంటే మొహమాటం వదలాలి, ఆవేశం అణచుకోవాలి.

రేణిగుంటలోనో చెన్నైలోనో విమానం నాలుగు గంటలు లేటని ప్రకటించగానే ఒకాయన "మేనేజర్‌ను పిలువు, మీ సంగతి తేలుస్తా" అని బల్ల గుద్దుతాడు. ఇంకొకాయన "మనకెందుకులే గొడవ" అని మూలన కూర్చుని, సొంత డబ్బుతో కాఫీ తాగుతాడు. ఇద్దరికీ ఒరిగేదేమీ లేదు. మీరు మూడో మనిషి కండి. "లేటు ఎందుకయిందమ్మా? ఎన్నింటికి బయల్దేరుతుంది? ఆ కారణం మెసేజ్‌లోనో మెయిల్‌లోనో పంపండి. భోజనం ఎక్కడ ఇస్తారు?" అని గొంతు పెంచకుండా అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడండి.

ముందు హక్కు తెలుసుకోండి

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం దేశంలో తిరిగే విమానాలకు:

• రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, 2 గంటల ఆలస్యానికే తిండి, నీళ్లు ఇవ్వాలి.
• ఆలస్యం 6 గంటలు దాటితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో కోరుకోవచ్చు.
• 24 గంటలు దాటినా, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 లోపు బయల్దేరాల్సిన విమానం 6 గంటలకు మించి ఆగినా హోటల్ గది ఇవ్వాలి.
• ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే ప్రయాణ సమయాన్ని బట్టి రూ.5,000, 7,500, 10,000 వరకు పరిహారం. బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపినా అంతకు తక్కువైతే ఆ తక్కువ మొత్తమే.

ఒట్టి ఆలస్యానికి ఇంత అని నగదు రేటు మన దగ్గర లేదు. వాతావరణం, భద్రత వంటి సంస్థ చేతిలో లేని కారణాలకు పరిహారం నుంచి మినహాయింపూ ఉంది. యూరప్‌లో పద్ధతి వేరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానమెక్కే మీ అబ్బాయి గమ్యానికి 3 గంటలు ఆలస్యంగా చేరితే, కారణం సంస్థదే అయితే, దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోలు అడగవచ్చు.

ఓడిన కేసు నేర్పే పాఠం

2007 డిసెంబరు 14న ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఇండిగో విమానం పొగమంచు వల్ల గంటల తరబడి నిలిచిపోయింది. ఒక ప్రయాణికుడు హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్‌కు వెళితే రూ.10,000 పరిహారం ఇవ్వమంది. సంస్థ సుప్రీంకోర్టుకెక్కింది. మంచుకు సంస్థను తప్పుపట్టలేమని 2011లో కోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. అయితే ఢిల్లీలోనే కేసు వేయాలన్న టికెట్ షరతు హైదరాబాద్‌లో అడగడానికి అడ్డు కాదంది. వాతావరణం బాగోలేకపోయినా ప్రయాణికుల బాగోగులు చూడాల్సిందేనని కూడా చెప్పింది. కారణం తేల్చుకోకుండా పోరుకు దిగితే చేతిదాకా వచ్చింది కూడా జారిపోతుంది.

ఆ రోజే చేయాల్సినవి

బోర్డింగ్ పాస్ చించి పారేయకండి. బయల్దేరే వేళలు చూపే బోర్డును ఫొటో తీయండి. దిగాక విమానం తలుపు తెరిచిన సమయం రాసుకోండి. కొన్న ప్రతిదానికీ బిల్లు అడగండి.

ఆ రాత్రే సంస్థకు మెయిల్ పెట్టండి. పీఎన్‌ఆర్, విమానం నంబరు, తేదీ, ఎంత లేటు, ఏ కారణం చెప్పారు, ఏం ఇవ్వలేదు, మీకెంత రావాలి. అంతే. "ఘోర అన్యాయం" అన్న మాటకు అక్కడ విలువ లేదు. "భోజనం బిల్లు రూ.640, కారు అద్దె రూ.2,800" అన్న మాటకు ఉంది.

మెట్టు మెట్టుగా

జవాబు రాకపోతే సంస్థ నోడల్ అధికారికి రాయండి. ఆపైన ఎయిర్‌సేవ యాప్‌లో ఫిర్యాదు చేయండి, లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అయినా కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. అంటే ఐరాల వాళ్లు చిత్తూరు వెళితే చాలు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరును పెట్టుకోవాలన్న నిర్బంధమూ లేదు. గడువు రెండేళ్లు.

హక్కు అడిగినవాడు గొడవమనిషి కాడు. ఈసారి విమానం లేటైతే కోపాన్ని పక్కనపెట్టి, ఫోన్ తీసి మొదటి ఫొటో తీయండి.